అంచు లేని సైకిల్

తప్పు నాదే. చెన్నప్ప మామ అన్నానికి లేచిన పది నిమిషాల్లో, పాత గేట్లకు పూసే పెయింట్ రిమూవర్ తెచ్చి ఆయన కార్బన్ సైకిల్ ఫ్రేముకు ఒక బ్రష్షు పట్టించాను. పాత రంగు పోయేందుకు పొద్దున్నుంచి వాటర్ పేపర్‌తో రుద్దుతున్న మనిషికి సాయం చేద్దామనే బుద్ధి. ఇనుముకు పనికొచ్చే మందు కార్బన్‌ను తినేస్తుందని నేను చూసిన వీడియోలో చెప్పే ఉంటారు. ఆ ముక్క నేనే దాటేశాను.

నా సంగతి అంతే. ఇది చెన్నప్ప కథ.

హిందూపురంలో బీరువాలకు స్ప్రే రంగు కొట్టేది ఈయనే. మా వీధిలో పెళ్లయిన ప్రతి ఇంట్లోనూ ఆయన చేతి బూడిద రంగు ఒకటి గోడకు ఆనుకుని నిలబడి ఉంటుంది. నలభై తొమ్మిదేళ్ల మనిషి, ముప్పై రెండేళ్లుగా బూడిద రంగు, లేదంటే కాఫీ రంగు. కానీ ఆయన కళ్లలో ఉన్న రంగు ఇంకొకటి. అది ధర్మవరంలో వాళ్ల అక్క ఈరక్క మగ్గం మీద ఉండిపోయింది.

అంచు చీర ఒక్కరితో అయ్యే పని కాదు. ఈరక్క మధ్యలో కూర్చుని చీర ఒళ్లు నేస్తే, పక్కన కూర్చుని అంచు దారం చుట్టిన నాడెను విసరడం తమ్ముడి పని. పదిహేడేళ్లప్పుడు, నిలువునా నీలం పడుగు, అడ్డంగా పచ్చ పేకతో, కదిలితే రంగు మారే చీర ఒకటి సగంలో ఉండగా, "నీళ్లు తాగొస్తాక్కా" అని లేచాడు. కడవ దగ్గరకు పోలేదు. నాయన సైకిలెక్కి, పెనుకొండ మీదుగా హిందూపురం వచ్చి పడ్డాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని బతకలేనని ఆ వయసులో అనిపించిందట.

ఈరక్క తిట్టి ఉంటే ఎప్పుడో తిరిగి పోయేవాడు. ఆమె తిట్టలేదు. అడిగినవాళ్లకు "మావాడు నీళ్లు తాగను పోయినాడు" అని మాత్రం చెప్పేది. ఆ మాట ఊళ్లు దాటి ఈయన చెవిన పడింది. అప్పటినుంచి నీళ్ల గ్లాసు ఎత్తినప్పుడల్లా ఒక్క క్షణం ఆగుతాడు. నేను చూశాను. మొదట్లో పళ్లు జివ్వుమంటాయేమో అనుకున్నాను.

పోవాలని మూడుసార్లు రైలెక్కాడు. మూడుసార్లూ పెనుకొండలో దిగిపోయాడు. కొండకేసి చూస్తూ టీ తాగి, ఎదురొచ్చే రైలెక్కి ఇంటికొచ్చేశాడు. "నీ టికెట్ పెనుకొండకే కొనుక్కోరాదా మామా, డబ్బు మిగుల్తాది" అని నేను ఎగతాళి చేస్తే నవ్వేవాడు, కానీ నా వైపు చూసేవాడు కాదు.

మొన్న మాఘమాసంలో, ధర్మవరం నుంచి చీరల మూటతో వచ్చే రంగప్ప బీరువా షాపు ముందు ఆగాడు.

"ఏమప్పా చెన్నప్పా, మీ అక్క మగ్గం తీసేస్తాందంట. నడుం పడిపోయింది. మగ్గం మీదుండే ఈ చీర దిగితే గుంట పూడ్చేస్తారంట."

ఆ రోజు చెన్నప్ప ఒక బీరువా తలుపుకు రెండుసార్లు ఒకే వైపు రంగు కొట్టాడు.

రైలు కలిసిరాలేదు కాబట్టి, వచ్చినట్టే సైకిల్ మీద పోవాలని తీర్మానించుకున్నాడు. మోకాళ్లు ఇనుప సైకిల్‌ను తొక్కనివ్వవు. అందుకని బెంగళూరు పోయి, పాత సైకిళ్లమ్మే చోట రంగు పెచ్చులూడిన కార్బన్ ఫ్రేము ఒకటి ఏరుకొచ్చాడు. వేలితో ఎత్తి చూపించి, "చూసినావా, నీ బుర్రంత తేలిగ్గా ఉండాది" అన్నాడు. దానికి తను సగంలో వదిలిన ఆ చీర రంగు వేసి, గుంట పూడకముందే అక్క గుమ్మం ముందు దింపాలి. అంతే ఆయన కోరిక.

నా బ్రష్షు తగిలింది అలాంటి ఫ్రేముకు.

అన్నం తిని వచ్చిన మనిషి వాసన పట్టాడు. అరవలేదు. కడవెత్తి నీళ్లన్నీ దాని మీద పోశాడు. గుడ్డతో తుడిచి, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, సీటు కింది గొట్టాన్ని అంగుళం అంగుళం తట్టుకుంటూ చెవి ఆనించాడు. గట్టిగా మోగితే బతికినట్టు, మెత్తగా పలికితే లోపల విడిపోయినట్టు. విడిపోతే ఇంకోటి వెతికే గడువు లేదు. టక్, టక్, టక్.

"బతికింది" అన్నాడు చివరికి. "నువ్వు కూడా."

మిగిలిందంతా చేత్తోనే రుద్దాడు, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, కాగితం నీళ్లలో ముంచుతూ. లోపలి కార్బన్ నల్లటి అల్లిక కనిపించబోయే ముందు ఆపేసేవాడు. మరలు బిగించే చోట్లకు టేపు వేశాడు. దుమ్ము లేవకుండా నడవలో నీళ్లు చల్లి, దూలానికి తీగతో ఫ్రేమును వేలాడదీసి ప్రైమర్ కొట్టాడు.

రంగు దగ్గరే చిక్కొచ్చింది. నీలం, పచ్చ ఒకే డబ్బాలో కలిపితే ఎండాకాలం బుక్కపట్నం చెరువులో అడుగున మిగిలే పాచి తయారైంది. నాలుగు పాళ్లలో కలిపాడు, నాలుగు రకాల పాచి. డబ్బా పక్కన పెట్టి గోడకానుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి కుడిచెయ్యి దానంతటదే కదిలింది, లేని నాడెను విసురుతున్నట్టు. నేను వెక్కిరించలేదు.

"మగ్గం మీద ఎవురన్నా కలుపుతారారా?" అన్నాడు కళ్లు తెరిచి. "నీలం నీలంగానే ఉంటాది, పచ్చ పచ్చగానే ఉంటాది. పక్కపక్కన కూర్చుంటాయి, అంతే."

ఫ్రేమంతా నీలం కొట్టి ఆరనిచ్చాడు. తర్వాత స్ప్రే గన్ను దూరంగా పట్టుకుని, ఎడమ వైపు నుంచి మాత్రమే, మంచు పడినట్టు పల్చగా పచ్చ చల్లాడు. పైన మెరుపుకు రంగులేని క్లియర్ కోటు వేశాక చూస్తే, ఇటు నిలబడితే పచ్చ, అటు పోతే నీలం. చెన్నప్ప దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. టీ చల్లారిపోయింది.

చక్రాలు, బ్రేకులు బిగించుకుని శనివారం తెల్లారేసరికి బయల్దేరాడు. పెనుకొండ దాటే వేళకు నేను ఫోన్ చేశాను, ఎత్తలేదు. టీ కొట్టు దగ్గర ఆగి ఉంటాడని, మధ్యాహ్నానికి తిరిగొస్తాడని మా వీధి మలుపు చూస్తూ కూర్చున్నాను. రాలేదు. సాయంత్రం ఎత్తాడు. వెనక మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"ఏమనింది మామా అక్క?"

"నీళ్లు తాగినావా అనింది."



"సైకిల్ చూసిందా?"

"ఆ పక్క నుంచి చూసింది, ఈ పక్క నుంచి చూసింది. అంచు యాడరా అనింది. ఆమె మగ్గం మీద చీర కూడా అంచు పడక సగంలోనే ఆగి ఉండాది. పక్కన కూర్చునే మనిషి దొరకలేదంట."

"సైకిల్ అంచు నాకొదిలెయ్ మామా. నాకాడ బంగారు రంగు స్టిక్కర్ ఉండాది, రేపే బస్సెక్కి వస్తా."

"నువ్వు ఈడికి రావద్దురా" అన్నాడు చెన్నప్ప. "పని మధ్యలో చెడగొట్టినోడు ఈ ఇంటికి నేనొకన్ని చాలు. ఫోన్ పెట్టు, చెయ్యి ఖాళీ లేదు."