మొరం బాట మీద బాలవ్వ

ఆరేసిన బట్టలు తీసుకొని లోపలికి వచ్చేసరికి కిటికీ పక్కన కుర్చీ ఖాళీగా ఉంది.

బాలవ్వ బట్టలన్నీ సోఫా మీద పడేసి ముందు బాత్రూమ్ చూసింది. తర్వాత వంటిల్లు, ఆ తర్వాత పడకగది. "యుమ్మా!" అని పిలిచింది. అమ్మా అన్నట్టే అది. తను పనిచేసే ఆ ఇంట్లో ముసలావిడను అందరూ అలాగే పిలుస్తారు. వెనక తలుపు గాలికి టపటపా కొట్టుకుంటోంది. బట్టల కోసం ఉరికిన తొందరలో గడియ పెట్టలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

బయట ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది. దోహా శివారు ఉమ్ సలాల్ తోటల అవతల దుమ్ము గోడలా లేచి వస్తోంది. యుమ్మాకు ఎనభై దాటాయి. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు గానీ చిన్నప్పుడు మేపిన గొర్రెలు మాత్రం గుర్తుంటాయి. పొద్దు వాలేసరికి, గొర్రెలకు నీళ్ళు పెట్టలేదంటూ లేచి నిలబడుతుంది. బాలవ్వ పక్కనే ఉండి మాటల్లో పెట్టి కూర్చోబెడుతుంది. ఇవాళ పక్కన లేదు.

వాకిట్లో డ్రైవర్ గయాజ్ కారు అద్దాలు ఎక్కిస్తున్నాడు. అతనిది కోరుట్ల. ఆమెది మెట్‌పల్లి పక్క పల్లె. దేశంకాని దేశంలో దొరికిన తమ్ముడు అనుకుంటుంది.

"గయాజ్, యుమ్మా కనవడ్తలేదు! ఇటు దిక్కు వచ్చిందా?"

"రాలేదక్కా. ఇంట్ల మంచిగ చూసినవా?"

"అన్ని అర్రలు చూసిన. తలుపు గడియ నేనే పెట్టలే."

గయాజ్ జేబులోంచి ఫోన్ తీశాడు. "యా అల్లా! మేడం అల్ హిలాల్‌ల చెల్లెలింటికాడ ఉన్నది. ఫోన్ చెయ్యాల్నా?"

"చెయ్యి. చేసుకుంటనే బండి తియ్యి. నువ్వు రోడ్డు దిక్కు పో, నేను బాటల పోత."

"ఈ గాలిల నడిచి ఎంత దూరం పోతవక్కా?"

"నడుస్తనని ఎవరన్నరు?" అంటూనే ఆమె మోటారు గది వెనక్కి పరుగెత్తింది.

తోట వెనకనుంచి పోయే ఆ మొరం బాటలోకి బండ్లు రావు. కుర్రవాళ్ళు కార్లతో పందేలు పెట్టుకుంటున్నారని రెండు కొసలా సిమెంటు దిమ్మెలు పాతారు. బాటకు ఇరువైపులా కోనోకార్పస్ కంచె. మన ఊళ్ళల్లో రోడ్ల మధ్య నాటి, ఆ తర్వాత వద్దని పీకించిన చెట్టే. ఇక్కడ నిలువెత్తు గోడలా పెరిగి తోటలకు ఇసుక తగలకుండా కాస్తుంది. నేల చిన్న చిన్న మిట్టలుగా లేస్తూ పల్లాల్లోకి దిగుతూ పోతుంది. శుక్రవారం పొద్దున దోహా నుంచి హెల్మెట్లు పెట్టుకొని సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు తప్ప మిగతా రోజుల్లో అక్కడ పిట్టలే.

బాలవ్వ నలభై దాటాక సైకిల్ నేర్చుకున్నది ఆ బాట మీదే. ఊళ్ళో ఎన్నడూ తొక్కలేదు. మొగుడు సాయిబాబు వెనక క్యారియర్ మీద కూర్చోవడమే తెలుసు. దోహాలోనే మెసైమీర్ కూలీల క్యాంపులో ఏళ్ళ తరబడి సిమెంటు బస్తాలు మోసి, నడుము పడిపోయి అతను ఇంటికి చేరాక, బీడీలు చుట్టే ఈమె విమానమెక్కింది. రోజూ గుడ్లు తేవాల్సిన కోళ్ళ షెడ్డు తోట అవతలి కొసన ఉంది. ఎండలో పోయి రావడం ప్రాణం మీదికొచ్చేది. తోటపని వాళ్ళు వదిలేసిపోయిన పాత సైకిల్‌ను గయాజ్ బాగుచేసి వెనక పట్టుకొని నడిపించాడు. అది తెలిసి యుమ్మా కోడలు మేడం శిఫా కోప్పడింది. పడి కాలు విరిగితే మీ వాళ్ళకు నేనేం చెప్పాలి అని వద్దంది. ఆనాటినుంచి సైకిల్ మోటారు గది వెనక దాక్కుంది. మేడం లేనప్పుడే బయటికి వచ్చేది.

ఇప్పుడు దాన్ని బయటికి లాగి, చున్నీని ముక్కుకూ నోటికీ బిగించి కట్టుకొని బాలవ్వ ఎక్కింది.

మొదట్లో కంచె కాపాడింది. దుమ్ము తల మీదుగా పోతోంది, కొమ్మలు విరిగిపడుతున్నాయి. చెట్లు ఎండిపోయి సందు పడ్డచోట మాత్రం ఇసుక చెంపమీద కొట్టినట్టు తగిలింది. మూడో నాలుగో సందు దగ్గర సైకిల్ పక్కకు జారి పడింది. మోకాలు మొరం మీద గీసుకొని చుడీదార్ చిరిగింది. లేచి చూసుకోకుండా మళ్ళీ ఎక్కింది. "యుమ్మా! యుమ్మా!" అరిచిన అరుపు తన చెవికే చేరడంలేదు.

బాట రెండుగా చీలేచోట ఆగింది. ఎడమకు పోతే పల్లంలో పాడుబడ్డ బావి. కుడికి పోతే లారీలు తిరిగే పెద్ద రోడ్డు. గొర్రెలకు నీళ్ళు పెట్టాలనుకునే మనిషి ఎటు పోతుంది? బావి దిక్కే. బాలవ్వ ఎడమకు తిప్పింది. బావి చుట్టూ ఇనుప జాలీ ఉంది గానీ ఒక మూల చినిగి ఉంటుంది. ఆ మూల తలుచుకొని ఇంకా గట్టిగా తొక్కింది.

పల్లంలోకి దిగాక సైకిల్ వదిలేసి జాలీ పట్టుకుని లోపలికి తొంగి చూసింది. కింద ఇసుక, ఎండు కొమ్మలు, ఒక ప్లాస్టిక్ డబ్బా. మనిషి లేదు. ఒక క్షణం ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే తెలిసింది, ఇటు వచ్చి తప్పుచేశానని. ఇక్కడ లేదంటే అటు రోడ్డు దగ్గర ఉన్నట్టే.

ఫోన్ మోగింది. గయాజ్. "అక్కా, రోడ్డు మీద ఏం కనవడ్తలేదు, లైట్లు ఏసినా..." మాట తెగిపోయింది. మళ్ళీ కలపలేదు ఆమె. వెనక్కి మళ్ళి, మిట్ట ఎక్కుతూ తొక్కలేక దిగి తోసింది, మీదికి చేరాక మళ్ళీ ఎక్కింది. రొమ్ము మండుతోంది. కళ్ళల్లో ఇసుక. దారి కనిపించక రెండు కంచెల నడుమ నల్లగా ఉన్న సందును పట్టుకొని పోయింది.

కంచె అయిపోయేచోట, సిమెంటు దిమ్మె అవతల నల్లటి అబాయా ఎగురుతూ కనిపించింది. యుమ్మా రోడ్డువైపు నడుస్తోంది. కాళ్ళకు చెప్పుల్లేవు. దుమ్ములోంచి లారీ హారన్ ఒకటి సాగదీసినట్టు మోగింది.

బాలవ్వ దిగలేదు, సైకిల్ మీదినుంచి దూకింది. సైకిల్ దిమ్మెకు కొట్టుకుంది. ఉరికిపోయి ముసలావిడను నడుము పట్టి వెనక్కి గుంజింది. ఇద్దరూ రోడ్డు అంచున కూలబడ్డారు. లారీ వాళ్ళ ముందునుంచే పోయింది. దాని గాలికి చున్నీ ఊడి ఎటో పోయింది.

యుమ్మా గుర్తుపట్టలేదు. దొంగెవరో పట్టుకున్నారనుకొని గోళ్ళతో బాలవ్వ మొహం గీరింది, చేతులు కొరికింది. "యుమ్మా, నేనే, బాలవ్వ! బాలా, బాలా!" ఎంత చెప్పినా వినదు. లేపబోతే తన్నుతోంది. బాలవ్వ ఇక మాటలు మానేసింది. ఆమెను రొమ్ముకు అదుముకొని, పాక్కుంటూ కంచె కిందికి లాక్కుపోయి, గాలికి తన వీపు పెట్టి కూర్చుంది. ముసలావిడ ఒళ్ళు ఎండుకట్టెలా తేలిక. గుండె మాత్రం పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. కాసేపటికి ఆ తన్నులు ఆగాయి. ఆగినందుకు బాలవ్వకు ఇంకా భయమేసింది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి ఉంది, కానీ గురగురమంటోంది.

గయాజ్ కారు లైట్లు కనిపించేదాకా ఆమె కదల్లేదు.

"దొరికిందా? బతికున్నదా?" అతను గొంతు చించుకొని అరిచాడు.

"ఉన్నది. దమ్ము ఆడ్తలేదు సరిగ్గ. ఇంటికి వద్దు, సీదా దవాఖానకు పోనియ్యి."

దవాఖానలో మేడం శిఫా పరుగెత్తుకొచ్చింది. అత్తగారి మొహానికి ఆక్సిజన్ గొట్టం చూసి, బాలవ్వవైపు తిరిగి తలుపెవరు తీశారని హిందీలో అడిగింది. గయాజ్ నోరు తెరవబోయాడు. గాలికి తెరుచుకుందని చెప్పాలని అతని ఉద్దేశం.

బాలవ్వ అతన్ని ఆపింది. "నేనే గడియ పెట్టలే మేడం. మర్చిపోయిన."

"అంత దూరం ఎట్లా పోయావు?"

"సైకిల్ మీద."

మేడం వెనుదిరిగి యుమ్మా మంచం దగ్గరికి పోయింది. యుమ్మా ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరి జ్వరం పట్టింది. ఆమె ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ బాలవ్వ యుమ్మా లేని ఇంట్లో వంట చేసింది, ఎవరూ సరిగ్గా తినలేదు. ఇక పంపించేస్తారనుకొని తన బట్టలు సంచిలో సర్దిపెట్టుకుంది. ఫోన్లో సాయిబాబు, "పంపిస్తే పంపించనీ, ఏదో ఒకటి తింటం, నువ్వైతే ఏడ్వకు" అన్నాడు. ఏడవడంలేదని చెప్పి ఫోన్ పెట్టేసి ఏడ్చింది.

యుమ్మా ఇంటికొచ్చిన రోజు మేడం వంటింట్లోకి వచ్చింది. గుమ్మం దగ్గర సంచి చూసింది.

"తలుపు నీవల్ల తెరిచి ఉంది. ఆమె నీవల్లే దొరికింది," అంది. "నేను రెండూ మర్చిపోను. ఆ సంచి తీసి లోపల పెట్టు."

వెనక తలుపుకు, తెరిస్తే మోత మోగే తాళం బిగించారు. బాలవ్వ మంచం యుమ్మా గదిలోకి మారింది. కొన్ని రోజులకు మేడం కొడుకు వాడి వదిలేసిన హెల్మెట్ ఒకటి వంటింటి గట్టు మీద కనిపించింది. అది తలమీద పెట్టుకొని మొదటిసారి బాలవ్వ సైకిల్‌ను ఇంటి ముందునుంచే తీసింది. పైన కిటికీలో మేడం నిలబడి ఉంది. బాలవ్వ చూసింది గానీ దిగలేదు. కోళ్ళ షెడ్డు దాకా పోయి, గుడ్లు తీసుకొని, తిరిగి వచ్చింది.