రెండు పెట్టెల మధ్య సందు

1957 వానాకాలం. అరకులోయలో సర్వే క్యాంపుకి వడ్రంగిగా వెళ్లాను. కొండల్లోకి రైలుదారి ఎలా వస్తుందో పైఅధికారులకు చూపించడానికి చెక్కతో నమూనా చేయాలి. మోయడానికి వీలుగా దాన్ని రెండు పెట్టెలుగా చేశాను. ఆఫీసరు వాటిని సెక్షన్లు అనేవారు. రెండింటినీ ఆనించి బోల్టులు బిగిస్తే పట్టాలు కలవాలి, కీ ఇచ్చిన బొమ్మ ఇంజను ఆ అతుకు దాటాలి. ఈ పనిలో ప్రాణమంతా కొసల్లోనే ఉంటుంది. మూలమట్టం ఆనించి చూసినప్పుడు కొస సరిగ్గా లంబకోణంలో లేకపోతే అతుకులో సందు పడుతుంది, ఇంజను పల్టీ కొడుతుంది.

గుడారాలు కారుతున్నాయని క్యాంపు మేస్త్రి ఆ పెట్టెలను పక్కనే ఉన్న సుక్కమ్మ ఇంట్లో పెట్టించాడు. ఆవిడ కొండదొర తెగ ముసలమ్మ, ఒంటరి మనిషి. "ఇయ్యి పాడైతే నీ కొంప పీకించేత్తాను ముసలీ" అని మరీ పోయాడు. అన్నంత పనీ చేసే రకం వాడు.

అధికారులు వచ్చే రోజు పొద్దున్నే వెళ్లి చూద్దును కదా, పెట్టెలు పొయ్యి మీది అటకెక్కి ఉన్నాయి! నాగలి కర్రయినా, విత్తనాలైనా అక్కడివాళ్లు పొగలో ఆరబెట్టేది ఆ అటక మీదే.

"సెమ్మకి ఉబ్బిపోతాయని మంటెట్టినాను బాబూ. ఏటి, తప్పయిపోనాదా?"

పెట్టెలు గబగబా దించి చూశాను. సెగకి ఒక పక్క బద్ద వంపు తిరిగి కొస పలకను లాగేసింది. రెండు పెట్టెలూ ఆనిస్తే వేలు దూరేంత సందు!

"భయపడకప్పా" అన్నాను, అక్కడివాళ్లు అక్కని పిలిచినట్టే. ఆ సందు మేస్త్రి కంట పడితే ఈవిడకి నిలువ నీడ ఉండదు. చిత్రిక అందుకోబోయి ఆగాను. వంగిన బద్దకి మూలమట్టం ఆనిస్తే గీతా వంకరే పడుతుంది. అందుకని పట్టాల నడుమ దారం లాగాను. దీన్ని సెంటర్ లైన్ అంటారు. ఆ దారాన్ని బట్టి కొస మీద గీత గీసి, ఎత్తున్న వైపు చిత్రిక పట్టి, తగ్గిన వైపు పల్చటి బద్ద అతికాను. పట్టాల కొసలు ఆకురాయితో సరిచేశాను.

"బాబూ, బేగి! జీపు సప్పుడౌతంది" అంది సుక్కమ్మ గుమ్మంలోంచి. నా చెమట చేతుల్లో బోల్టులు జారిపోతున్నాయి.

అధికారులు నమూనా చుట్టూ మూగారు. ఇంజను కదిలింది. అతుకు దగ్గర టక్కుమంది. హమ్మయ్య, దాటేసింది! మేస్త్రికి సంగతే తెలియలేదు.

అందరూ టీకి వెళ్లాక సుక్కమ్మ నమూనా మీదకి వంగింది. తమ కొండను గుర్తుపట్టింది, గెడ్డను, అంటే వాళ్ల వాగును, గుర్తుపట్టి మురిసిపోయింది. గెడ్డ వెంబడి వేలు జరుపుకుంటూ వచ్చి సరిగ్గా అతుకు మీద ఆపింది.

"నా ఇల్లు ఇక్కడే కదా బాబూ. ఏదీ?"

అక్కడ నేను అప్పుడే నునుపు చేసిన పట్టాలున్నాయి. పొద్దుటి భయం దీని ముందు ఏపాటిది?

"పెట్టడం మరిచిపోయారేమో అప్పా" అన్నాను.

"అయితే నువ్వెట్టీ" అంటూ కింద పడ్డ చెక్క ముక్క ఏరి నా చేతిలో పెట్టింది.

వంకర బద్దను నమ్మొద్దు, నడిమి దారాన్ని నమ్మండి అని నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ చెప్పాను. ఆ దారం ఎవరి ఇంటి మీదుగా పోతోందో కూడా చూసుకోమని చెప్పాను.