సిద్ధిరాములన్న కొలత

అమీర్‌పేటలో దర్జీ సిద్ధిరాములన్న పాత కొలతతో బట్ట కుట్టగా చూసినవాళ్ళు లేరు. సోమవారం ఒక షర్టుకు కొలిచి, మంగళవారం ఇంకో షర్టు గుడ్డ తీసుకెళ్తే మళ్ళీ టేపు తీస్తాడు.

"నిన్ననే కొలిచావు కదన్నా."

"రాత్రి ఏం తిన్నవో నాకేమెరుక సారూ. చేతులు లేపు."

సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు వెళ్ళే కుర్రాళ్ళతో ఆయన కొట్టు కిటకిటలాడేది. ఒకడి షర్టు చేతికందేసరికి వాడికి ఉద్యోగం వచ్చింది, పోయింది కూడా.

నేను ఆ వీధిలోనే జావా పాఠాలు చెప్పేవాణ్ణి. 2006లో పంజాగుట్ట దగ్గర బండి మీంచి పడి వెన్నుపూస విరగ్గొట్టుకున్నాను. కాళ్ళు ఇక రావని డాక్టరు చెప్పేశాడు. ఏడ్చాను. కానీ అంతకన్నా ఏడిపించింది కూర్చోవడం. ఒక చెయ్యి మంచానికి ఆనించకపోతే పక్కకు ఒరిగిపోయేవాణ్ణి. రెండు చేతులూ ఖాళీగా లేకపోతే కీబోర్డు లేదు, కీబోర్డు లేకపోతే నా పాఠమూ లేదు.

ఫిజియోథెరపిస్టు ఉదయలక్ష్మిగారు ఇంటికొచ్చి, నా పొట్టకూ నడుముకూ ప్యాడ్లు అతికించి, ఒక చిన్న యంత్రంతో సన్నగా కరెంటు పెట్టేవారు. కండలు బిగిసి నడుము కాస్త నిలబడేది. "కరెంటు కండను లేపుతుందండీ. నిలబెట్టుకోవడం మీరే సాధన చెయ్యాలి," అనేవారు. నాకు దేనిమీదా మనసుండేది కాదు. గోడవైపు మొహం తిప్పుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో దిగాడు సిద్ధిరాములన్న, మెడలో టేపుతో. ఆ యంత్రాన్ని ఎగాదిగా చూసి, "మిషనంటరు, చప్పుడే లేదు. నూనె పోసిండ్రా మేడం?" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "షర్టు కుడుత. చేతులు లేపు."

లేపాను. ఆయన మీద పడ్డాను.

"ఛాతీ దొరకలే. మళ్ళొస్త."

వారానికి రెండుసార్లు చొప్పున ఏడు నెలలు వచ్చాడు, అదే షర్టు కోసం. నేను లేపడం, పడటం, ఆయన పట్టుకోవడం. "నా మీద ఏంటన్నా ఈ పగ?" అని ఒకసారి విసుక్కున్నాను.

"కదిలితే కొలత తప్పుతది సారూ. నా పేరు ఖరాబైతది."

ఆయనతో వాదించడం కన్నా చేతులు లేపడమే నయమనిపించింది. మాటిమాటికీ ఆయన మీద పడటం సిగ్గనిపించి, ఆయన లేనప్పుడు కూడా లేపసాగాను.

ఒక మధ్యాహ్నం ఆయన వెంట భార్య రాజమణి కూడా వచ్చింది. ఉదయలక్ష్మిగారు కరెంటు ఆపేశారు. చేతులు లేపాను. టేపు ఛాతీ చుట్టూ తిరిగింది, భుజం దాటింది, చెయ్యి పొడవూ కొలిచింది. నేను పడలేదు.

రాజమణి సంచిలోంచి మడత నలగని నీలం షర్టు తీసి మంచం మీద పెట్టింది. "మొదటి వారమే, మీ పాత కొలతతోని కుట్టిండు సారూ. మీతోని చేతులు లేపించుమని గీ మేడం చెప్పిందట. గందుకే ఇయ్యలే."

కాళ్ళు రాలేదు. ఆ దుఃఖం ఈనాటికీ పోలేదు. కానీ పడ్డ నాటి నుంచీ ఎవరొచ్చినా ఒంటిచేత్తోనే దండం పెట్టినవాణ్ణి, ఆ రోజు రెండు చేతులూ జోడించి సిద్ధిరాములన్నకు నమస్కారం పెట్టాను.

ఆయన మొహం పక్కకు తిప్పుకుని టేపు చుట్టుకున్నాడు.

"గదేంది సారూ," అన్నాడు, "ఇంకా చంక కొలవనే లేదు, చేతులు దించినవ్."