మనవి చేయునది ఏమనగా

1974 జూలై 8, సోమవారం, ఉదయం పదకొండుంబావు. ఆబిడ్స్‌లోని మా కంప్యూటరు ఆఫీసును నేనొక్కదాన్నే ముంచిన ముహూర్తం అది. మీరు ఇప్పుడే నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రావడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

నాది టెంపరరీ ఉద్యోగం. పర్మనెంటు చేస్తారో లేదో ఆ శుక్రవారం తేలాలి. చేతిలో పని చిన్నదే. కావాలని తప్పుడు లెక్కలు మింగించి, కంప్యూటరు వాటిని పట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష ప్రోగ్రాము ఒకటుంది. తప్పు దొరికినప్పుడు అది అచ్చువేసే సందేశాలను నేను సరిచూడాలి. మా పెద్దసారు నర్సింగరావు గారు పాత హైదరాబాదు మనిషి, ప్యూనును తిట్టినా 'జీ' చేర్చి తిడతారు. ఆ సందేశాలు చూసి ముఖం చిట్లించారు.

"గిట్ల మొహం మీద కొట్టినట్టు చెప్తే ఎట్లమ్మా? తప్పు జేసినోనికైనా జర ఇజ్జత్ ఇయ్యాలె."

ఇచ్చాను. 'వరుస పొడుగైంది' అన్న ముక్కకు ముందు మన్నింపులూ నమస్కారాలూ, 'తమ సన్నిధికి మనవి చేయునది ఏమనగా' అనీ ఇంగ్లీషులో తగిలించి, పెళ్ళి శుభలేఖంత చేశాను.

ప్రింటరులో వరుసకు నూట ముప్పై రెండు అక్షరాలే పడతాయి. మించితే పట్టినంత అచ్చేసి, వరుస పొడుగైందని ప్రోగ్రాము చెప్పాలి. ఆపరేటరు దాన్ని మొదలెట్టి చాయ్‌కి వెళ్ళాక, పొడుగు వరుస ఒకటి రాగానే అది చెప్పబోయింది. ఆ చెప్పే వరుసే పొడుగైంది. ఆ సంగతి మళ్ళీ చెప్పబోయింది. బట్టల దుకాణంలో చీరలు విప్పి పడేసినట్టు మడతలు మడతలుగా కాగితం దిగుతోంది. ప్రతి వరుసా 'మనవి చేయునది ఏమనగా' దగ్గరే తెగిపోతోంది. అతి వినయం ధూర్త లక్షణమంటారు. కాదండీ, దివాలా లక్షణం.

సాయంత్రం ఒక ఫ్యాక్టరీ జీతాల చీటీలు అచ్చువేయడానికి మిగిలిన ఆఖరి పెట్టె కాగితం అది. మిషను మీద ఆపరేటరు తప్ప ఎవరూ చెయ్యి వేయరాదని ఆఫీసు నియమం. వేస్తే ఉద్యోగం పోతుంది, వేయకపోతే కాగితం పోతుంది. ఆపరేటరు యాదగిరి నాంపల్లి స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో ఉన్నాడు. పరుగెత్తాను. దారిలో చెప్పు తెగితే అక్కడే వదిలేశాను.

ప్రింటరు ఆగట్లేదు, లేవమని బల్ల గుద్దాను. చాయ్ ఒలికింది. యాదగిరి సాసరులో మిగిలింది నింపాదిగా ఊదుకున్నాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి మేడమ్. కాగితం ఒడిసినంక గదే ఆగుతది."

మేం వెళ్ళేసరికి కాగితం అయిపోయి అలాగే ఆగింది.

పెద్దసారు ఆ కాగితపు గుట్టలోంచి ఒక మడత తీసి చదివారు. అడుగునుంచి ఇంకోటి తీసి చదివారు. కళ్ళజోడు తీసి నన్ను చూశారు.

"ఏమనగా?"

ఆయనే పూర్తి చేశారు.

"ఏమనగా, మీరింక ఆర్నెల్లు టెంపరరీనే ఉంటరు."

తప్పును తప్పు అనడానికి రెండు మాటలు మించి ఖర్చు చేయనని, వేడెక్కిన ప్రింటరు వాసన సాక్షిగా, ఒంటి చెప్పుతో నిలబడి ప్రతిజ్ఞ చేశాను.

పోయినవి: కాగితం, ఒక పెట్టె. రిబ్బను, ఒకటి. కుడికాలి చెప్పు. ఒక ఇంక్రిమెంటు. యాదగిరి చాయ్, అర కప్పు.