ఆడవాళ్లకి హౌజు కట్టించిన మా యాదమ్మ వదిన

నిన్న పొద్దున్న కాఫీ కప్పు ఇంకా చేతిలోనే ఉంది. ఫోన్ మోగింది.

"ఆంటీ, అమ్మ పోయింది."

యాదమ్మ వదిన కూతురు సునీత.

"ఏ అమ్మ?" అన్నాను. అంత పిచ్చి ప్రశ్న జన్మలో వేయలేదు.

మొన్ననే కదా వాయిస్ మెసేజ్ పెట్టి తిట్టింది! "మోకాళ్లు నొస్తున్నయని ఇంట్ల కూసుంటవేంది వదినా? వచ్చి నీళ్లల్ల దిగు" అని.

నిద్రలోనే పోయిందట. పెద్ద వయసే, తెలుసు. అయినా షాక్ షాకే.

నార్సింగి దాటాక ఉన్న వాళ్ల వాటర్ పార్కు మీలో చాలామందికి తెలుసు. పిల్లల బర్త్‌డేలకో, టీమ్ ఔటింగ్‌కో వెళ్లే ఉంటారు. అది ఎలా పుట్టిందో తెలిసినవాళ్లు మాత్రం ఇప్పుడు ఇద్దరమే. నేనూ, వదిన భర్త మల్లయ్య అన్నయ్యా. అందుకే రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో అక్కడ టవర్లూ లేవు, ట్రాఫిక్కూ లేదు. రాళ్లగుట్టలు, సీతాఫలం చెట్లు, మల్లయ్య అన్నయ్య వరి పొలం. బావికి కొత్తగా కరెంటు మోటారు పెట్టించాడు. నీళ్లు ముందు హౌజులో, అంటే పెద్ద సిమెంటు తొట్టిలో పడి, అక్కడి నుంచి కాలువలో పొలానికి వెళ్లేవి.

ఆదివారాలు సిటీ నుంచి ఫ్యామిలీలు గుట్టల దగ్గరికి పిక్నిక్ వచ్చేవి. మగవాళ్లూ పిల్లలూ ఆ హౌజులో దూకేవాళ్లు. ఆడవాళ్లం గట్టు మీద కూర్చుని టిఫిన్ క్యారియర్లకీ, విడిచిన బట్టలకీ కాపలా!

నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ గవర్నమెంటు ఆఫీసులో టైపిస్టుగా కొత్తగా చేరాను. మా ఆయనతో మొదటిసారి అక్కడికి వెళ్లిన రోజు నేనూ కాపలా బ్యాచే.

వదిన వచ్చి పక్కన కూర్చుంది.

"నీకు ఈత రాదా?"

"వచ్చండీ. చిన్నప్పుడు కాలవలో నేర్చుకున్నాను."

"నాగ్గూడ వస్తది. పెద్దమనిషినైనంక మా నాయిన బాయిల దిగనియ్యలే."

ఇద్దరం హౌజు వైపు చూశాం. మా ఆయన ఈత రాక, పిల్లల మధ్య గోడ పట్టుకుని వేలాడుతున్నాడు. ఇద్దరికీ ఒకటే నవ్వు.

ఆ రోజే పట్టు పట్టింది. ఆడవాళ్లకి విడిగా ఇంకో హౌజు, చుట్టూ గోడ. మొదటిది నిండి దీంట్లోకి, దీంట్లో నుంచి పొలానికి. అన్నయ్య సరే అన్నాడు.

వాళ్ల అత్త బాలమ్మ గారు మాత్రం ఒప్పుకోలేదు. "ఆడోళ్లు నీళ్లల్ల ఎగురుడేంది? కట్టుకోండ్రి గానీ, మడి ఒక్క మూల ఎండినా గడ్డపారతోని నేనే పలగ్గొడ్త" అంది.

ఆ ఊళ్లో ఆవిడ మాటంటే మాటే.

చీరలతో దిగితే చీర బుడగలా లేచేది. వదిన పరుపులకి వాడే చారల గుడ్డ తెచ్చి పైజామాలు, పొడుగు జుబ్బాలు కుట్టింది. అవి వేసుకుంటే అందరం జైలు నుంచి పారిపోయి వచ్చినవాళ్లలా ఉండేవాళ్లం. హౌజు పక్కన ఏటవాలుగా షాబాద్ బండలు పరిపించింది. పార్కు మొదటి స్లైడ్ అదే.

మా కాలనీ ఆడవాళ్లకి ఈ కబురు మోసింది నేనే. సిటీలో కుళాయి వచ్చేదే కాసేపు. అన్ని నీళ్లు కళ్లబడేసరికి వాళ్లకి ఒకటే తోచింది.

తలంటు!

మరుసటి ఆదివారం తలలకి నూనె పట్టించుకుని, కుంకుడు రసం గిన్నెలతో సహా దిగారు. బండ మీద నూనె పడి, మా హెడ్ క్లర్కు గారి భార్య "అమ్మో" అనేలోపు అవతలి గోడ దగ్గర తేలింది. మేం నవ్వలేక చస్తున్నాం.

బయట పొలంలో కేక వినపడింది.

వరి మడి నిండా నురుగు. బాలమ్మ గారు గడ్డపార పట్టుకుని వచ్చేసింది. "చెప్పిన్నా లేదా? పైరంత ఆగం జేసిన్రు! జరుగుండ్రి!"

వదిన నా చెయ్యి పట్టుకుంది. ఆమె భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

"పలగ్గొట్టు అత్తమ్మా. నేను అడ్డం రాను. గానీ ఒక్కపారి దిగి చూసి పలగ్గొట్టు."

మండే ఎండ. ముసలావిడ చెమటతో తడిసిపోయి ఉంది. గొణుక్కుంటూ కాళ్లు పెట్టింది. తర్వాత మోకాళ్ల దాకా. తర్వాత నడుం దాకా. తర్వాత మొహం మీద నీళ్లు కొట్టుకుని, చిన్నపిల్లలా కిసుక్కున నవ్వింది!

ఇక బయటికి వస్తే ఒట్టు. అక్కడి నుంచే ఆర్డరు. "యాదమ్మా! ఇగ కుంకుడుకాయలు తెచ్చెటోళ్లను గేటు కాడ్నే ఆపు!"

అన్నయ్య ఆ నురుగు నీళ్లు తీసేసి మంచినీళ్లు పారించాడు. పంట దక్కింది. హౌజూ దక్కింది.

తర్వాత ఉయ్యాలలు వచ్చాయి. చేత్తో తిప్పే రంగులరాట్నం వచ్చింది. కొడుకు శ్రీను పెద్దయ్యాక పెద్ద పెద్ద స్లైడ్లు, వేవ్ పూల్ పెట్టాడు. గేటు దగ్గర "కుంకుడుకాయలు తేరాదు" బోర్డు ఇప్పటికీ ఉంది. ఐటీ పిల్లలు దాని పక్కన సెల్ఫీలు దిగుతారు.

ఎన్ని మారినా, ఆడవాళ్ల పూల్ చుట్టూ గోడని మాత్రం వదిన తియ్యనివ్వలేదు. ముసుగు తీసి, నలుగురేమనుకుంటారో అన్న భయం తీసి, ఎంతమంది ఆడవాళ్లు ఆ గోడ వెనక మొదటిసారి మునిగారో!

నిన్న పార్కు మూసేశారు. కానీ ఎక్కడో దూరం నుంచి ఒక బడి ఆడపిల్లలు అప్పటికే బస్సులో వచ్చేశారట. వెనక్కి పంపడానికి సునీతకి మనసొప్పలేదు. ఆడవాళ్ల పూల్ ఒక్కటీ తెరిపించింది.

పక్కనే ఇల్లు. హాల్లో వదిన పడుకుని ఉంది. మేమంతా చుట్టూ ఏడుస్తున్నాం. గోడ అవతల నుంచి ఆ పిల్లల అరుపులు, కేరింతలు.

అరవొద్దని వాళ్లకి చెప్పి వద్దామని శ్రీను లేచాడు.

మల్లయ్య అన్నయ్య వదిన మొహం మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "కూసో బిడ్డా. అరవనియ్యి. మీ అమ్మ వింటది."

వెళ్లిరా వదినా. నీ మనసు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.