నొప్పి తెలియని కాలు

మొన్న సిద్దిపేటలో షుగర్ పరీక్షకు పోతే, అక్కడి నర్సు నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి ప్లాస్టిక్ పోగుతో అరికాలు తాకుతూ "తెలుస్తున్నదా అమ్మా?" అని అడిగింది. తెలుస్తున్నదన్నాను. కొంచెం చక్కిలిగింతగా కూడా అనిపించింది. కళ్లు తెరిచేసరికి మాత్రం చెంపలు తడిసి ఉన్నాయి. ఆ పిల్ల కంగారుపడి నొప్పయిందా అని అడిగింది. "లేదు తల్లీ, మా బాపు యాదికొచ్చిండు" అన్నాను. ఆమెకేం అర్థమవుతుంది పాపం, నా వెనక ఇంకా పదిమంది కూర్చుని ఉన్నారు.

మా ఊరు కోహెడ దగ్గర. మేం నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం. బాపు తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ముప్పై ఏళ్లు నడుముకు మోకు కట్టుకుని ఎక్కీ దిగీ ఆయన అరికాళ్లు ఎద్దు గిట్టల్లా గట్టిపడ్డాయి. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఎండాకాలం, చెట్ల కింద కల్లు తాగుతూ కూర్చున్న ఒకాయన బాపు అరికాల్లో దిగబడి ఉన్న తుమ్మముల్లును చూశాడు. వేలెడంత ముల్లు. పొద్దుటి నుంచి దానితోనే నాలుగు చెట్లు ఎక్కి దిగాడట, తెలియనే లేదట. ఇంకేముంది, ఊరంతా అదే ముచ్చట. రోజూ ఎవరో ఒకరు ముల్లు పట్టుకుని రావడం, బాపు కాలు చాపి "గుచ్చుండ్రి, తాళ్లెక్కే గౌండ్లోని కాలు గిది" అని మీసం దువ్వడం. అందరికన్నా ఎక్కువ మురిసింది నేనే. కాలేజీ స్నేహితురాళ్లను ఇంటికి పిలుచుకొచ్చి మరీ చూపించేదాన్ని. బాపుకు షుగరుందని, అది కాళ్లలో స్పర్శను చంపేస్తుందని మాకెవరికి తెలుసు? మేము దాన్ని బలం అనుకున్నాం.

తర్వాత ఇంట్లో పుల్లటి వాసన మొదలైంది. కల్లుకుండలుండే ఇంట్లో పుల్లటి వాసనను ఎవరు పట్టించుకుంటారు? అవ్వ రెండుసార్లు కుండలు కడిగింది. మూడోసారి కడిగి ఎండలో బోర్లించింది. అయినా వాసన పోలేదు. కాలికి చీము కారుతుంటే బాపు గుడ్డ చుట్టుకుని ఊరుకున్నాడు, ఆ గుడ్డ విప్పినప్పుడు గానీ ఆ వాసన ఎక్కడిదో మాకు తెలియలేదు.

దవాఖానలో డాక్టరు ఆ పుండు చూసి, "దీంతోని ఎట్ల నడిచినవ్ పెద్దాయనా?" అని అడిగాడు.

"మా కాళ్లకు నొప్పుండది సార్" అన్నాడు బాపు. అప్పటికీ అది గొప్పే అనుకుంటున్నాడు, నవ్వుతూనే చెప్పాడు. మూడో రోజు మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఇంటికొచ్చిన వారానికి, ఒక మధ్యాహ్నం, బాపు మంచం మీద పళ్లు బిగబట్టి కూర్చుని ఉన్నాడు. ఏమైందంటే చెప్పడానికి సిగ్గుపడ్డాడు. చెట్టు చివర నిలబడి పాటలు పాడిన మనిషి, నా ముందు తల వంచుకున్నాడు.

"అరికాలు మండుతున్నది బిడ్డా. మస్తు నొప్పి."

ఏ కాలు అని అడగబోయి ఆగిపోయాను. ఆయన చూపు దుప్పటి ఖాళీగా పడి ఉన్న చోట ఉంది. నేను అక్కడ కూర్చుని ఆ దుప్పటినే మెల్లగా ఒత్తాను. "జర కిందికి" అన్నాడు. చేతులు కిందికి జరిపాను. అవ్వ గడపలో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

బాపు పోయి చాలా ఏళ్లయింది. తమవాళ్లకు ఏ నొప్పీ రావద్దని అందరూ కొమురవెల్లి మల్లన్నకు మొక్కుతారు. నేను మాత్రం, ఆ నొప్పి ఒక్క ఏడాది ముందు ఎందుకు రాలేదా అని ఇప్పటికీ కుమిలిపోతాను.