నాయనమ్మ తోమిన కారు

నా చిన్నప్పుడు నాచారంలో మేముండే వీధి మొత్తానికీ ఒకే ఒక్క కారు ఉండేది. అది పక్కింటి మామది. నల్లటి పాత కారు. మామ రైల్వేలో పనిచేసేవాడు, సొంతూరు చెంగిచెర్ల. డ్యూటీకి మాత్రం సైకిల్ మీదే వెళ్లేవాడు. కారు బయటికి రావాలంటే వీధిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోవాలి, లేదా దాన్ని తుడుచుకునే ఆదివారమైనా రావాలి. పిల్లలం దాని తలుపుల్లో మా మొహాలు చూసుకుని వెక్కిరించుకునేవాళ్లం.

ఆ ఏడాదే మా నాయనమ్మ గుంటూరు నుంచి మా దగ్గర ఉండటానికి వచ్చింది. వచ్చిన కొత్తలో జ్వరంతో మూలుగుతుంటే మామే ఆ కార్లో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆవిడ ఆ మేలు మరిచిపోలేదు. మరిచిపోయినా బాగుండేదని తర్వాత్తర్వాత మా అమ్మ నవ్వుతూ అనేది.

దసరాకు ముందు రోజు వాహనపూజ కోసం వీధిలో అందరూ సైకిళ్లూ స్కూటర్లూ కడుగుతున్నారు. మామ డ్యూటీలో ఉన్నాడు. ఆయన కారు ఒక్కటీ దుమ్ము కొట్టుకుని ఉండటం నాయనమ్మకు నచ్చలేదు. పండక్కి ఇత్తడి బిందెలు తోమినట్టే, నీళ్లు కాచే బాయిలర్ కింది బూడిదా కొబ్బరి పీచూ తీసుకుని, కొంగు నడుముకు బిగించి, కారు ఓ పక్కంతా తోమేసింది. తడిగా ఉన్నంతసేపూ అది తళతళలాడింది. ఎండకు ఆరేసరికి తలుపుల నిండా సన్నటి తెల్లగీతలు తేలాయి.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన నాన్న అది చూసి నిర్ఘాంతపోయాడు. “నిన్నెవరు తోమమన్నారమ్మా? వీధిలో తలెత్తుకోలేకుండా చేశావు” అని నలుగురిలోనే అనేశాడు. నాయనమ్మ లోపలికెళ్లి సంచిలో చీరలు సర్దుకోసాగింది. “పండగ వెళ్లగానే నన్ను రైలెక్కించు” అంది. అన్నం ముట్టలేదు. తన పంతం తనదన్నట్టు నాన్న కూడా తినలేదు. ఆవిడ నిజంగానే వెళ్లిపోతుందేమోనని నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం మామ రాగానే నాన్న ఎదురెళ్లి, మళ్లీ రంగు వేయిస్తానని ఏదేదో చెప్పబోయాడు. కారు చూసి మామ మొహం చిన్నబోవడం నేను చూశాను. అయినా ఆయన తలుపు దగ్గర గొంతుక్కూర్చుని, గీతలకు అడ్డంగా గోరు పెట్టి లాగాడు.

“గోరుకేం తగుల్తలేదు. పైపైన గీతలే సార్, పోతయి. ఫికర్ జెయ్యకున్రి” అన్నాడు.

అప్పటికప్పుడు సైకిలెక్కి ఉప్పల్ వెళ్లి, కారు రంగు మీద రుద్దే ముద్ద ఒక డబ్బా తెచ్చాడు. వస్తూనే మా గుమ్మంలో నిలబడి, “అమ్మా, మెత్తటి పాత నూలు చీర ఉంటే జర ఇయ్యున్రి. కొత్త బట్ట పనికిరాదు” అని అడిగాడు. నాయనమ్మ సర్దుకున్న సంచిలోంచే ఒక తెల్లచీర తీసి చింపి ఇచ్చింది.

మామ ఆవిడకు కారు పక్కనే కుర్చీ వేయించాడు. ఎక్కడెక్కడ తోమిందో ఆవిడకే తెలుసు కాబట్టి చూపించమన్నాడు. గుడ్డముక్క నాన్న చేతికిచ్చాడు. నాన్న ఉక్రోషమంతా చేతిలోకి తెచ్చుకుని గీత మీదే గట్టిగా రుద్దుతుంటే, మామ ఆయన మణికట్టు పట్టుకుని ఆపాడు.

“గట్ల గాదు సార్. గీతనొక్కదాన్నే పట్టుకొని రుద్దితే గుంట పడ్తది. మనం గీతను తీస్తలేం. దాని సుట్టూ ఉన్న రంగు జర కిందికి దిగాలె. అంతా సమానమైతే గీత కనవడదు.”

నాన్న తలెత్తి నాయనమ్మ వైపు చూశాడు. ఆ తర్వాత చేయి నెమ్మదించింది. గుడ్డకు నల్లరంగు అంటుకుంటూ ఉంటే గీతలు ఒక్కొక్కటే మాసిపోయాయి. “ఇంకొంచెం కిందికి నాయనా, అక్కడ గట్టిగా తోమాను” అంది నాయనమ్మ. కింది భాగం రుద్దడానికి నాన్న నేల మీద చతికిలబడ్డాడు, సరిగ్గా ఆవిడ కాళ్ల దగ్గర. కాసేపటికి, తల తిప్పకుండానే, “ఆకలేస్తోందమ్మా, పద తిందాం” అన్నాడు. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

ఒక్క గీత మాత్రం పోలేదు. పీచులో ఇసుక రవ్వ ఇరుక్కుందేమో, వెనక తలుపు పిడి కింద గోరు దిగేంత లోతుగా పడింది. దాన్ని తీయబోతే రంగే పోతుందని మామ వదిలేశాడు. మర్నాడు పూజలో కుంకుమ పళ్లెం నాయనమ్మ చేతికిచ్చి, మొదటి బొట్టు ఆ గీత మీదే పెట్టమన్నాడు. కారు అమ్మేదాకా ప్రతి దసరాకూ ఆ చోటు ఆవిడదే. గుంటూరు రైలు మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. మాటా మాటా పెరిగి ఇంట్లో ఎవరైనా కంచం ముందు నుంచి లేచిపోతే, తప్పెవరిదని తవ్వుతూ కూర్చోవడం నావల్ల కాదు. మెల్లగా వాళ్ల గదిలోకి వెళ్తాను. మోకాళ్లు ఒప్పుకోకపోయినా, వాళ్లు కూర్చున్న చోటే కింద నేల మీద కూర్చుంటాను. “ఆకలేస్తోంది, పద తిందాం” అంటాను.